ముహూర్తం మనది, సముద్రం దానిది: నెల్లూరు, ఒంగోలు జంటలకు అండమాన్ హనీమూన్ లెక్కలు

టీవీలో "దక్షిణ అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అన్న మాట వినపడగానే నెల్లూరు జిల్లా రైతు నారుమడి వైపు చూస్తాడు, జువ్వలదిన్నెలో జాలరి పడవను మీదికి లాగి కడతాడు. అక్కడ పుట్టింది నాలుగైదు రోజుల్లో మన తీరానికి రావచ్చని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా కార్తీకంలో పెళ్లి చేసుకున్న జంటలు సరిగ్గా ఆ రోజుల్లోనే అండమాన్‌కు టికెట్లు తీస్తుంటారు. పెళ్లి తేదీని పంచాంగం చూసి పెడతాం. హనీమూన్ తేదీని మాత్రం పెళ్లి తేదీకి అతికిస్తాం తప్ప సముద్రాన్ని చూసి పెట్టం. ద్వీపంలో జరిగే ఇబ్బందుల్లో పెద్దవన్నీ, అంటే పడవ రద్దు కావడం, నీళ్లలో దిగలేకపోవడం, తిరుగు విమానం తప్పడం, ఈ ఒక్క పొరపాటు నుంచే మొదలవుతాయి.

ఏ నెలలో పెళ్లయితే ఏ ద్వీపం

అండమాన్‌కు రెండు వానాకాలాలూ తగులుతాయి. నైరుతి రుతుపవనాలు దేశంలో ముందుగా తాకేది ఆ ద్వీపాలనే, మామూలుగా మే మూడో వారంలో. రోహిణి కార్తెలో మనకు వడగాడ్పులు కొడుతుంటే అక్కడ గొడుగు లేకుండా బయటికి రాలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వాన తెచ్చే ఈశాన్య రుతుపవనం వాళ్లనూ తడుపుతుంది, పైగా అల్పపీడనాలకు ఆ సముద్రమే పుట్టినిల్లు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆకాశం తేటగా, నీళ్లు అద్దంలా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అందులోనూ ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు.

దీన్ని మన పెళ్లి నెలల పక్కన పెట్టి చూస్తే లెక్క తేలిపోతుంది. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లకు అండమాన్ కంటే మంచి చోటు దగ్గరలో లేదు. వైశాఖంలో మొదటి సగం పెళ్లయితే ఫరవాలేదు కానీ తర్వాతి పండగలన్నీ ముగిసేసరికి మే నడిమికి వచ్చేస్తాం. జ్యేష్ఠం పెళ్లిళ్లకు ముందు వాన, వెనక ఆషాఢం. కొత్తకోడలు పుట్టింటికి వెళ్లే నెల కాబట్టి ప్రయాణం ఎలాగూ వాయిదా పడుతుంది. శ్రావణం పెళ్లికి అండమాన్ వద్దనే చెప్పాలి. కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్ల వాళ్లు సంక్రాంతి అయ్యేదాకా ఆగితే అదే డబ్బుకు రెండింతల సుఖం. ఆగడమంటే పెద్దవాళ్లు "చల్లారిపోతుంది" అంటారు గానీ, తుపానులో జెట్టీ మీద కూర్చోవడం కంటే నయం. 2016 డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు పంపి తీసుకురావాల్సి వచ్చింది. అదే వాయుగుండం వర్దా తుపానుగా మారి ఆ నెల 12న చెన్నైని తాకింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను దెబ్బకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది. అంటే ఆ నెలల్లో ప్రయాణం రెండు కొసల్లో ఎక్కడైనా తెగొచ్చు.

ఆగలేని వాళ్లకు దారి లేకపోలేదు. బాలి ద్వీపం భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ పొడి కాలం. వైశాఖం, శ్రావణం పెళ్లిళ్లకు అది సరిగ్గా అతుకుతుంది. విమానాశ్రయంలో దిగాక తీసుకునే వీసాకు 5 లక్షల రూపాయాలు, 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటక పన్ను 1.5 లక్షల రూపాయాలు. ఇవి ఇండోనేషియా రూపాయాలు, అంకె చూసి కంగారు పడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: మార్చిలో తరచుగా వచ్చే వాళ్ల శక సంవత్సరాది న్యేపి రోజున ద్వీపమంతా మౌనం పాటిస్తుంది, విమానాశ్రయం కూడా 24 గంటలు మూస్తారు. శ్రీలంకలో నైరుతి తీరం డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటే, తూర్పున త్రికోణమలై వైపు మే నుంచి సెప్టెంబరు దాకా బాగుంటుంది.

మాల్దీవులకు భారతీయులకు 30 రోజుల వీసా అక్కడే ఉచితం. మంచి కాలం జనవరి నుంచి ఏప్రిల్. అక్కడ మోసపోయేది ధర దగ్గర. గది ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే దాని మీద 10 శాతం సర్వీసు చార్జీ, ఆ మొత్తం మీద 17 శాతం పన్ను అని అర్థం. వంద డాలర్ల గది 128 డాలర్ల 70 సెంట్లు అవుతుంది. రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ వేరు, అంటే నాలుగు రాత్రులకు జంటకు 96 డాలర్లు. దూరపు రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్లు పగటిపూట మాత్రమే ఎగురుతాయి. సాయంత్రం మాలేలో దిగే టికెట్ తీస్తే మొదటి రాత్రి రిసార్టుకు కట్టిన డబ్బు వృథా, మాలేలో గదికి మళ్లీ ఖర్చు.

ఇక మిగతా వ్యాసమంతా అండమాన్ గురించే. ఈ రెండు జిల్లాల వాళ్లకు దగ్గర, పాస్‌పోర్టు అక్కర్లేదు, హిందీ రాకపోయినా పోర్ట్ బ్లెయిర్ బజారులో తెలుగు మాట్లాడేవాళ్లు కనపడతారు.

పదహారు రోజుల పండగ అయ్యాకే

పెళ్లి తర్వాత సత్యనారాయణ వ్రతం, మనుగుడుపులు, తిరుమల, ఇలవేల్పు దగ్గర మొక్కు, బంధువుల ఇళ్లలో భోజనాలు. వీటి మధ్యలో ఐదారు రోజులు ఖాళీ ఉందని హనీమూన్ ఇరికిస్తే ఇద్దరూ నిద్ర తీర్చుకోవడానికే ద్వీపానికి వెళ్లినట్టవుతుంది. పదహారు రోజుల పండగ అయ్యాక 18 నుంచి 25వ రోజు మధ్యలో బయలుదేరితే మేలు. దీనికి ఆచారం ఒక్కటే కారణం కాదు. ఆ పండగ దాకా మంగళసూత్రాలు పసుపుతాడు మీదే ఉంటాయి. ఉప్పునీళ్లలో రోజుకు రెండు మూడుసార్లు నానితే నూలు తాడు పీకుతుంది, పసుపు కారుతుంది, ఆరక మెడ దగ్గర ఒరుస్తుంది. సూత్రాలు గొలుసులోకి మారాక సముద్రంలోకి వెళ్లేటప్పుడు దాన్ని ఈత దుస్తుల లోపలికి వేసుకుంటే చాలు. అసలు పోయేవి ఉంగరాలు. చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, సన్‌స్క్రీన్ జిడ్డు తోడవుతుంది, కొత్త ఉంగరం తెలియకుండా జారిపోతుంది. ఇసుకలో పడిన బంగారం మళ్లీ దొరకదు. నిశ్చితార్థం ఉంగరాలు ఇంట్లో పెట్టి వెళ్లడమే మంచిది.

టికెట్ల మీద పేరు ఇంకో చిక్కు. మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరమే ఉంటుంది, కొందరికి పూర్తిగా ముందు, కొందరికి వెనక. విమాన టికెట్ మీద పేరు చేతిలో ఉన్న గుర్తింపు కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. పెళ్లయింది కదా అని అమ్మాయి టికెట్‌కు అత్తింటి ఇంటిపేరు పెడితే విమానాశ్రయం గేటు దగ్గరే ఆగిపోతుంది. ప్రయాణం ముగిసేదాకా ఎవరి పేరూ, ఏ కార్డులోనూ మార్చకూడదు. ద్వీపాల మధ్య తిరిగే పడవల (ఫెర్రీ) టికెట్లకు కూడా ఇదే పేరు, ఇదే కార్డు. ఫెర్రీ టికెట్ మీద హావ్‌లాక్ బదులు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ బదులు షహీద్ ద్వీప్ అనీ ఉంటే కంగారు వద్దు. 2018 డిసెంబరులో ఆ పేర్లు మారాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. ఇక్కడ అందరి నోళ్లలో ఉన్న పాత పేర్లే వాడుతున్నాం.

సామాను సంగతి. దేశంలో తిరిగే విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల సంచి. పెళ్లి వాయనాల్లో వచ్చిన ఎండుకొబ్బరి గిన్నెలు పెట్టెలో ఉంటే తీయించేస్తారు, నూనె వల్ల అది మండే సరుకు కింద లెక్క. పచ్చడి సీసా చేతిసంచిలో వద్దు, పెట్టెలో రెండు కవర్లలో కట్టి పెట్టాలి. పొడులు, మలై కాజా పెట్టెతో నిశ్చింతగా వెళ్లొచ్చు. పట్టుచీరలు ఒక్కటి చాలు. మిగతావన్నీ తొందరగా ఆరే బట్టలే కావాలి. చున్నీ, చీర కుచ్చిళ్లు తడిస్తే అలలో కాళ్లకు చుట్టుకుంటాయి, అది నిజంగా ప్రమాదం.

చెన్నై దాకా

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 పైన. పోర్ట్ బ్లెయిర్ విమానాల్లో చాలా వరకు తెల్లవారుజామున, పొద్దున బయలుదేరేవే. అందుకని అర్ధరాత్రి కారు మాట్లాడుకుని జాతీయ రహదారి మీద పడిపోవడం ఇక్కడ అలవాటు. పెళ్లి అలసట తీరని ఇద్దరు, అంతకు ముందు పగలంతా తిరిగిన డ్రైవరు, రాత్రి రెండు గంటలకు లారీల మధ్య. ఈ ఒక్కటి మానుకోవాలి. ముందు రోజు పినాకినిలాంటి పగటి రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే మెట్రో నేరుగా విమానాశ్రయానికి పోతుంది, లేదా లోకల్ రైల్లో తిరుసూలం స్టేషన్‌లో దిగితే ఎదురుగానే విమానాశ్రయం. ఆ దగ్గరలో ఒక రాత్రి గది తీసుకుని పడుకుంటే మర్నాడు హావ్‌లాక్‌లో సాయంత్రం కళ్లు తెరిచి చూడగలుగుతారు. ఓడ మీద పోవాలన్న సరదా కొందరికి ఉంటుంది. చెన్నై నుంచి, విశాఖ నుంచి ఓడలున్నాయి, కానీ రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది, తేదీలు మారుతుంటాయి. కొత్త జంటకు అది పనికిరాదు.

విమానంలో రెండు గంటల పైచిలుకు. ముందే తీస్తే ఐదారు వేలకు దొరికే టికెట్ క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో రెండింతలు దాటుతుంది. కాబట్టి గది కంటే ముందు విమానం, విమానం తర్వాత ఫెర్రీ, ఆ తర్వాతే గది. ఈ వరస తిరగబడితే ఒకటి దొరికి ఇంకొకటి దొరకదు.

ద్వీపాల వరస

ఏజెంట్లు ఇచ్చే పట్టికల్లో మొదటి రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్, తర్వాత హావ్‌లాక్, నీల్, చివరి రోజు నీల్ నుంచి ఫెర్రీలో వచ్చి అదే పూట విమానం. కాగితం మీద చక్కగా ఉంటుంది. సముద్రం ఒక్కరోజు గట్టిగా ఉంటే మొత్తం కూలిపోతుంది, ఎందుకంటే ఓడరేవు అధికారులు ముందు ఆపేది పర్యాటకుల వేగపు పడవలనే. రద్దయిన ఫెర్రీకి డబ్బులు తిరిగొస్తాయి, తప్పిపోయిన విమానానికి రావు. అందుకే వరస తిప్పి వేయాలి: దిగిన రోజే ద్వీపానికి, చివరి రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లో. విమానం పది గంటల లోపు దిగితే మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతం ఫెర్రీ అందుకోవచ్చు. దిగడానికీ ఫెర్రీకీ మధ్య కనీసం మూడు గంటలు ఉంచాలి. జెట్టీలో కూడా సామాను స్కానింగ్, కార్డులు చూడటం ఉంటాయి, గంట ముందు లోపల ఉండాలి.

ఐదు రాత్రులున్న వాళ్లకు హావ్‌లాక్‌లో మూడు, నీల్‌లో ఒకటి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. నాలుగే ఉంటే నీల్ వదిలేయాలి తప్ప హావ్‌లాక్ తగ్గించకూడదు. బారాటాంగ్ సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం కూడా చేరుస్తామని ఆశపెడతారు. దానికి రాత్రి మూడు గంటలకు లేచి, జరావా అనే ఆదివాసీలకు కేటాయించిన రక్షిత అడవి గుండా వాహనాల బారులో వెళ్లి, సాయంత్రం తిరిగిరావాలి. ఆ దారిలో జరావాలను ఫొటో తీయడం నేరం. హనీమూన్‌లో ఒక పూర్తి రోజు దానికి పెట్టడం దండగ.

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర నుంచి రెండున్నర గంటలు. హావ్‌లాక్ నుంచి నీల్ గంట లోపే. సర్కారు పడవల్లో చార్జీ చాలా తక్కువ, కానీ సీట్లు దొరకడం కష్టం. ఏసీ ఫెర్రీల్లో కిటికీలు తెరుచుకోవు, కాబట్టి కడుపులో తిప్పే వాళ్లకు ముందు వరస కంటే మధ్య, వెనక వరసలు, పై అంతస్తు కంటే కింది అంతస్తు నయం. ఊపు అక్కడ తక్కువ. వాంతుల మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పనిచేయదు, అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. దానితో మత్తుగా ఉంటుంది కాబట్టి దిగగానే స్కూటర్ నడపొద్దు. ఖాళీ కడుపుతో ఎక్కినా, పూరీలు పట్టించి ఎక్కినా ఒకటే ఫలితం. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు.

వెలుగు, పోటు, పాటు

గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాదు. నెల్లూరుకూ పోర్ట్ బ్లెయిర్‌కూ రేఖాంశంలో దాదాపు పన్నెండున్నర డిగ్రీల పైన తేడా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ పొద్దు మనకంటే 50 నిమిషాలు ముందు పొడుస్తుంది, ముందే గుంకుతుంది. ఫిబ్రవరిలో ఐదున్నర లోపే సూర్యాస్తమయం, డిసెంబరు మొదట్లో ఐదు లోపే. ఇక్కడి అలవాటున మధ్యాహ్నం భోంచేసి, కునుకు తీసి, నాలుగున్నరకు హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కు బయలుదేరితే చేరేసరికి చీకటి పడుతుంది. జెట్టీ నుంచి ఆ బీచ్ పన్నెండు కిలోమీటర్లు, దారి అడవి మధ్య నుంచి. మూడింటికల్లా అక్కడ ఉండాలి. పొద్దున ఐదున్నరకే తెల్లగా తెల్లవారుతుంది కాబట్టి రాత్రి తొమ్మిదికి పడుకుని ఐదింటికి లేచే వాళ్లకే ఆ ద్వీపం పూర్తిగా దక్కుతుంది. రాధానగర్ పడమటి వైపు, అస్తమయానికి. కాలాపత్తర్ తూర్పు వైపు, ఉదయానికి. నీల్‌లో లక్ష్మణ్‌పూర్‌లో సాయంత్రం, సీతాపూర్‌లో పొద్దున.

తర్వాతది పోటు, పాటు. మైపాడులోనో కొత్తపట్నంలోనో పాటు వచ్చినా నీళ్లు కొంచెమే వెనక్కి పోతాయి, అల ఆగదు. అండమాన్‌లో పోటుకూ పాటుకూ తేడా మన తీరం కంటే ఎక్కువ, ఒడ్డు పగడపు రాళ్లతో చదునుగా ఉంటుంది. హావ్‌లాక్ తూర్పున గోవిందనగర్, విజయనగర్ బీచ్‌ల దగ్గర పాటు వేళ నీళ్లు చాలా దూరం లోపలికి వెళ్లిపోతాయి. గది కిటికీలోంచి నీలి సముద్రం అని చెప్పి ఇచ్చిన చోట మధ్యాహ్నానికి రాళ్లు, నాచు కనపడేది ఇందుకే. ఇందులో హోటల్ తప్పేమీ లేదు. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు, ప్రతిరోజూ వేళ సుమారు 50 నిమిషాలు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ తేడా అతి ఎక్కువ, అష్టమి దగ్గర అతి తక్కువ. గోడ మీది తెలుగు క్యాలెండరే చాలు. ఈత, స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ బోర్లా తేలి నీళ్ల కిందికి చూడటం) ముఖ్యమనుకునే వాళ్లు అష్టమికి అటూ ఇటూ రోజులు చూసుకోవాలి. నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన చూడాలనుకుంటే అమావాస్య, పౌర్ణమి దగ్గర పాటు వేళ చేరాలి. పోటులో అక్కడిదాకా నడవలేరు.

మన సముద్రం ఎప్పుడూ మట్టిరంగులో, అక్కడ పచ్చరాయిలా ఎందుకంటే పెన్నా, స్వర్ణముఖి లాంటి నదులు ఒండ్రు మోసుకొచ్చి మన తీరంలో కలుపుతాయి. ఆ చిన్న ద్వీపాల్లో పెద్ద నదులు లేవు, ఇసుక కూడా ఎక్కువగా పగడం, గవ్వలు అరిగి అయినది, అందుకే తెలుపు. కానీ తేట నీళ్లు లోతును దాచేస్తాయి. నడుం దాకా ఉందనుకున్నది తల మునిగేంత ఉంటుంది. రాధానగర్‌లో అల లోపలికి లాగే చోట్లుంటాయి. లాగితే ఒడ్డుకు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, పట్టు వదిలాక బయటికి రావాలి. కాలువ సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల దగ్గర దిగనే కూడదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హావ్‌లాక్‌లోనే ఒక పర్యాటకురాలు మొసలికి బలైంది. లైఫ్‌గార్డులు చూపించిన హద్దులోపలే ఉండటం ఆ చోటులో కనీస మర్యాద.

నీళ్ల కింద అరగంట

ఈత రాని వాళ్లు కూడా చేయగలిగిన స్కూబా డైవ్, అంటే గాలి సిలిండరుతో నీళ్ల కిందికి దిగడం, ఒకటుంది. పద్ధతిగా చేసే చోట ఒక్కొక్కరిని ఒక శిక్షకుడు పట్టుకుని ఉంటాడు, 12 మీటర్లు దాటి తీసుకెళ్లరు. మొత్తం ప్రయాణంలో డబ్బుకు తగ్గది ఇదే. దీన్ని రెండో రోజు పొద్దున పెట్టుకోవాలి, అప్పుడు గాలి తక్కువ, నీళ్లు తేట. చివరి రోజుకు పెడితే విమానం అడ్డం. నీళ్ల కింద ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం పడుతుంది, పోకముందే విమానంలో పైకెళితే బుడగలై కీళ్లు, నరాలు దెబ్బతింటాయి. ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువైతే 18 గంటలు విమానం ఎక్కకూడదు.

భయపడాల్సింది లోతుకు కాదు, చెవికి. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీదకంటే రెండింతలు, ఆ మార్పు చెవికి గట్టిగా తెలిసేది మొదటి కొన్ని మీటర్లలోనే. ముక్కు నొక్కి, నోరు మూసి, మెల్లగా గాలి ఊదితే చెవి "టిక్" మని తెరుచుకుంటుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే ప్రతి అర మీటరుకూ ఊదాలి. నొప్పి వస్తే కొంచెం పైకి వచ్చి మళ్లీ ఊదాలి, బలంగా ఊదితే కర్ణభేరి చిరుగుతుంది. జలుబు, సైనస్ ఉన్న రోజు డైవ్ మానాల్సిందే, మాత్ర వేసుకుని దిగొద్దు. రెండో సూత్రం: ఊపిరి బిగపట్టకూడదు. పైకి వచ్చేటప్పుడు లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

ముందు ఒక వైద్య పత్రం నింపమంటారు. ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం వీటిలో ఏదున్నా దాచిపెట్టడం ప్రాణంతో ఆట. అబ్బాయిలకు చిన్న సంగతి: మీసం దట్టంగా ఉంటే మాస్క్ పై పెదవి దగ్గర అతుక్కోక నీళ్లు కారతాయి. కొద్దిగా కత్తిరించుకోవడం, లేదా వాజలిన్ రాయడం మార్గం. అమ్మాయిల జడ మాస్క్ పట్టీ కింద ఇరుక్కోకుండా బాగా కిందికి వేసుకోవాలి. కళ్లజోడు పవర్ ముందే చెబితే పవర్ ఉన్న మాస్క్ ఇస్తారు. డబ్బు కట్టేముందు అడగాల్సినవి మూడు: ఒడ్డు నుంచి నడిచి దిగే డైవా, పడవలో తీసుకెళ్లేదా, నీళ్ల కింద ఎన్ని నిమిషాలు, శిక్షకుడికి ఒకేసారి ఎంతమంది. ధర తక్కువున్న చోట ఒడ్డు డైవ్, పదిహేను నిమిషాలు, ఒక శిక్షకుడికి ఇద్దరు అని తేలుతుంది.

ఒంటి సంగతి

పెళ్లికి ముందు ఫేషియల్, బ్లీచ్, పీల్ చేయించుకున్న చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. అది కూడా 18వ రోజు తర్వాత వెళ్లమనడానికి ఒక కారణం. సన్‌స్క్రీన్ ముఖానికి, మెడకు రెండు వేళ్ల పొడవు తీసుకుని, బయటికి పోయే 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. స్నార్కెలింగ్‌లో బోర్లా తేలుతాం కాబట్టి మాడేది వీపు, పిక్కలు. పొడుగు చేతుల ఈత చొక్కా ఏ క్రీము కంటే మేలు. పొద్దుగుంకే వేళ ఇసుక ఈగలు కుడతాయి. కుట్టింది అప్పుడు తెలియదు, మర్నాడు దద్దుర్లు లేస్తాయి. కొబ్బరినూనె కాళ్లకు దట్టంగా రాసుకుని, ఇసుక మీద నేరుగా కూర్చోకుండా ఉంటే చాలావరకు తప్పుతుంది. గోకితే పుండు పడుతుంది.

పెద్దవాళ్లు చెప్పని, ఏజెంట్లు అడగని సంగతి ఇంకోటుంది. తేదీలు పెట్టేముందు అమ్మాయిని నెలసరి తేదీ అడగాలి. వాయిదా మాత్ర కావాలంటే డాక్టరును కలిసి, రావాల్సిన తేదీకి కనీసం మూడు రోజుల ముందు నుంచి మొదలుపెట్టాలి. ఆ మాత్ర గర్భం రాకుండా ఆపదు, దానికి వేరే ఏర్పాటు కావాలి. కొత్తగా కాపురం మొదలైన రోజుల్లో మూత్రంలో మంట రావడం చాలా మామూలు. నీళ్లు తక్కువ తాగడం, మూత్రం బిగపట్టుకోవడం దాన్ని పెంచుతాయి. రోజుకు మూడు లీటర్ల నీళ్లు, కలయిక తర్వాత మూత్రవిసర్జన, తడి బట్టలు వెంటనే మార్చుకోవడం చేస్తే చాలావరకు రాదు. వస్తే సిగ్గుపడి దాచకుండా మొదటి రోజే డాక్టరుకు చూపించాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ఇద్దరూ ఒకరికొకరు ఇంకా కొత్త. రోజుకు ఒక్క చోటు చూసి, మిగతా సమయం ఊరికే గడపనిచ్చే పట్టికే వాళ్లకు కావాలి.

ప్యాకేజీ కాగితం చదవడం

నెల్లూరులో కొన్నా ఒంగోలులో కొన్నా ప్యాకేజీ మొత్తం ధర కంటే అందులో ఏముందో చూడాలి. ఫెర్రీ ఏ తరగతి, గది ఏ బీచ్‌లో, ఒక పూట భోజనమా రెండు పూటలా, కారు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మాత్రమేనా లేక రోజంతా మన దగ్గరే ఉంటుందా. "హనీమూన్ స్పెషల్" అన్న మాటకు ఎక్కువ చోట్ల అర్థం మంచం మీద పూలు, ఒక కేకు, ఒక రాత్రి కొవ్వొత్తుల భోజనం. అవి విడిగా అడిగితే ఎంతో కనుక్కుని పోల్చుకోవాలి. కారు ఎప్పుడూ ఉండాలన్నది హావ్‌లాక్‌లో అనవసరం, లైసెన్సు, హెల్మెట్ ఉంటే స్కూటర్ అద్దెకు తీసుకోవచ్చు. తీసుకునేముందు బండికి ఉన్న గీతలన్నీ ఫోన్‌లో వీడియో తీయాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక ఇంటర్నెట్ మెరుగైంది, అయినా హావ్‌లాక్, నీల్‌లో ఫోన్‌పే మొరాయించే వేళలుంటాయి. ఏడెనిమిది వేలు నోట్లుగా చేతిలో ఉండాలి.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటాం కాబట్టి ఆ మధ్యాహ్నం సెల్యులర్ జైలుకు సరిపోతుంది. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఏడు బారుల్లో మూడే మిగిలాయి. సోమవారం మూసి ఉంటుంది, కాబట్టి తిరుగు విమానం మంగళవారానిది తీయకుండా చూసుకోవాలి. పెట్టె సర్దేటప్పుడు ఒడ్డున ఏరిన పగడపు ముక్కలు, గవ్వలు తీసి బయట పెట్టేయాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడం తీసుకెళ్లడం నేరం, విమానాశ్రయం స్కానింగ్‌లో ఎంత చిన్న ముక్కయినా కనపడుతుంది. ముత్యాలు, శంఖాలు కావాలంటే సర్కారు ఎంపోరియంలో బిల్లుతో కొని, ఆ బిల్లు చేతిసంచిలో పైనే ఉంచుకోవాలి.